కొత్త హార్డ్ డిస్క్ కనబడట్లేదంటే, ఎక్కడ కనబడట్లేదు?

‘‘కొత్త డిస్క్ వేశాం, సిస్టమ్ తియ్యట్లేదు.’’ ఒడిశాలోని రాయగడలోనో గుణుపురంలోనో కంప్యూటర్ రిపేరు షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది. పర్లాకిమిడి, బరంపురం, జయపురంలోనూ అంతే. ఇందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. కొత్త సిస్టమ్ కొనలేనివాళ్లు పాతదానికే ఓ ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) తగిలించి ఇంకో రెండేళ్లు లాగుదామని చూస్తున్నారు. రెండో కారణం ఫొటో స్టూడియోలు. 4కే వీడియో వచ్చాక ఒక్క పెళ్లికే వందల జీబీ నిండిపోతోంది. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యేసరికి ఇంకో డిస్క్ కొనక తప్పదు.

సరిహద్దు జిల్లాల్లో ఈ తలనొప్పికి ఖర్చు కూడా ఎక్కువే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అటు చేరాయి గానీ, ఇక్కడి తెలుగువాళ్ల బజారు దారి మాత్రం మారలేదు. రాయగడలో దొరకని వస్తువు కావాలంటే ఇప్పటికీ పార్వతీపురం, విజయనగరం, విశాఖ వైపే చూస్తారు. విశాఖలో కొన్న డిస్క్ ఇంటికొచ్చాక పనిచేయకపోతే మళ్లీ దాదాపు 200 కిలోమీటర్లు రైలెక్కాలి. తీరా వెళ్తే, షాపువాళ్లు దాన్ని తమ సిస్టమ్‌కు తగిలించి ‘‘బాగానే ఉంది కదండీ’’ అని తిరిగి చేతిలో పెట్టొచ్చు. అప్పుడు రానూపోనూ చార్జీలు, ఒక రోజు పని, రెండూ దండగ.

క్లుప్తంగా

‘కనబడట్లేదు’ అనే ఒక్క మాట కింద వేర్వేరు లోపాలు దాక్కుంటాయి. డిస్క్‌కు కరెంటు అందకపోవచ్చు. కేబుల్ దగ్గరో పోర్టు దగ్గరో దారి తెగి ఉండొచ్చు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే, మదర్‌బోర్డు అనే ప్రధాన బోర్డులోని ప్రోగ్రామ్) ఏదో సెట్టింగ్ అడ్డుపడొచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉండి, విండోస్ ఆ డిస్క్‌కు ఇంకా పేరు పెట్టకపోయి ఉండొచ్చు. బయోస్‌లో డిస్క్ పేరు ఉందో లేదో చూస్తే ఇందులో సగం తేలిపోతుంది. బయోస్‌లో పేరు ఉంటే, చాలావరకు డిస్క్ పాడవలేదనే అనుకోవచ్చు. అందులో అప్పటికే డేటా ఉంటే మాత్రం, ఏ బటన్ నొక్కడానికైనా ముందు ఆగాలి.

పార్సిల్ ఎక్కడ ఆగింది?

విశాఖలో బుక్ చేసిన పార్సిల్ రాయగడ చేరలేదంటే, ‘పార్సిల్ పోయింది’ అని ఎవరూ వెంటనే తేల్చేయరు. విజయనగరం దాటిందా, బొబ్బిలిలో దిగిపోయిందా, పార్వతీపురంలో ఆగిందా అని వాకబు చేస్తారు. రాయగడ స్టేషన్‌కు వచ్చి, రిజిస్టర్‌లో ఎక్కక గోడవారగా పడి ఉండటమూ జరగొచ్చు. డిస్క్ విషయంలోనూ ఈ వరసే పాటించాలి. ముందు దానికి కరెంటు అందాలి. ఆ తర్వాత డేటా కేబుల్ ద్వారా మదర్‌బోర్డుతో పలకరింపు జరగాలి. అప్పుడు మదర్‌బోర్డులోని బయోస్ దాని మోడల్ పేరు, సైజు చదువుతుంది. చివర్లో విండోస్ వచ్చి దాని మీద పార్టిషన్ (డేటా కోసం గీసిన భాగం) ఉందా, ఫార్మాట్ అయ్యిందా అని చూసి, డీ అనో ఈ అనో ఒక అక్షరం తగిలిస్తుంది. ‘దిస్ పీసీ’లో (పాత విండోస్‌లో ‘మై కంప్యూటర్’) మనం చూసేది ఆ చివరి అక్షరాన్నే. అది లేనంత మాత్రాన వెనకున్న మజిలీలన్నీ తప్పాయని కాదు.

అందుకే మొదటి పని బయోస్‌లోకి వెళ్లి చూడటం. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే డెలీట్ లేదా ఎఫ్2 బటన్ వరసగా నొక్కుతూ ఉంటే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీల సిస్టమ్‌లలో అది ఎఫ్10 లేదా ఎఫ్1 అవుతుంది. లోపల ‘స్టోరేజ్’ అనో ‘సాటా కాన్ఫిగరేషన్’ (సాటా అంటే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) అనో ఉన్న పేజీలో ఒక్కో పోర్టు ఎదురుగా దానికి తగిలించిన డిస్క్ పేరు కనిపిస్తుంది. ఖాళీగా ఉంటే ‘ఎంప్టీ’ లేదా ‘నాట్ ప్రెజెంట్’ అని రాసి ఉంటుంది. చాలామంది ‘బూట్’ పేజీ చూసి డిస్క్ లేదనుకుంటారు. అది ఏ డిస్క్ నుంచి విండోస్ లేవాలో చెప్పే వేరే జాబితా. విండోస్ ఎక్కించని డిస్క్ బూట్ జాబితాలో లేకపోయినా స్టోరేజ్ పేజీలో ఉండొచ్చు.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది, అన్నిటికన్నా తేలిగ్గా తీరేది ఇదే. దీనికి మూలం మన అలవాటు. పెన్‌డ్రైవ్ గానీ, బయట యూఎస్‌బీకి పెట్టే డిస్క్ గానీ కొంటే, పెట్టీపెట్టగానే కనిపిస్తుంది. ఎందుకంటే కంపెనీ దాన్ని ముందే ఫార్మాట్ చేసి డబ్బాలో పెడుతుంది. సిస్టమ్ లోపల బిగించే హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ అలా రావు. అవి గీతలు కొట్టని తెల్లకాగితం లాంటివి. దాన్ని ఏ పద్ధతిలో వాడాలో ఎవరో ఒకరు చెప్పేదాకా విండోస్ దాన్ని పక్కన పెట్టేస్తుంది.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొడితే వచ్చే జాబితాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ ఉంటుంది. అది తెరవగానే, కొత్త డిస్క్‌ను ‘ఇనీషియలైజ్’ చేయమని ఒక పెట్టె అడుగుతుంది. అడగకపోతే కిందిభాగంలో ‘డిస్క్ 1, నాట్ ఇనీషియలైజ్డ్’ అనో, పైన నల్లటి పట్టీతో ‘అన్అలకేటెడ్’ అనో కనిపిస్తుంది. ఇనీషియలైజ్ చేసేటప్పుడు ఎంబీఆర్, జీపీటీ అని రెండు దారులు చూపిస్తుంది. తర్వాత నల్ల పట్టీ మీద రైట్ క్లిక్ కొట్టి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకుని, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ ఫైళ్లు దాచుకునే పద్ధతి) ఫార్మాట్ చేస్తే పట్టీ నీలంగా మారుతుంది. అక్షరం వస్తుంది. పని పూర్తి. విశాఖ దాకా మోసుకెళ్లిన డిస్కుల్లో కొన్నిటికి కావలసింది ఈ రెండు నిమిషాల పనే.

ఆ ఎంబీఆర్, జీపీటీల దగ్గర కొంచెం ఆగాలి. రెండూ డిస్క్‌లోని భాగాల పట్టిక రాసే పద్ధతులే. ఎంబీఆర్ 1983 నాటిది. డిస్క్‌లోని ఒక్కో గడిని లెక్కపెట్టడానికి అది 32 బిట్ల అంకె వాడుతుంది. అంటే దాదాపు 429 కోట్ల గడులు దాటి లెక్క సాగదు. గడికి 512 బైట్ల చొప్పున వేస్తే 2.2 లక్షల కోట్ల బైట్లు, అంటే విండోస్ లెక్కలో 2,048 జీబీ. కొత్తగా 4 టీబీ డిస్క్ కొని ఎంబీఆర్ ఎంచుకుంటే 2,048 జీబీ వరకే వాడుకోవచ్చు; మిగతా 1,677 జీబీ నల్ల పట్టీగానే మిగిలిపోతుంది. దానిమీద ఎన్నిసార్లు రైట్ క్లిక్ కొట్టినా ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ మసకగానే ఉంటుంది. ‘సగం డిస్క్ పాడైంది’ అనే ఫిర్యాదు వెనక సంగతి ఇది. జీపీటీకి ఈ హద్దు లేదు. డేటా దాచుకోవడానికి వేసే డిస్క్‌కు ఇప్పుడు జీపీటీ ఎంచుకోవడమే మేలు. మూలన ఎక్కడో 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత ఎడిటింగ్ సిస్టమ్ ఉంటే మాత్రం, అది జీపీటీ డిస్క్‌ను చదవలేదు.

పనిలో పనిగా ఇంకో అనుమానం కూడా. 4 టీబీ అని కొంటే విండోస్ 3,725 జీబీ అనే చూపిస్తుంది. 1 టీబీ డిస్క్ 931గా, 500 జీబీది 465గా కనిపిస్తాయి. ఇందులో మోసం లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. తేడా అక్కడే.

పార్టిషన్ బాగానే ఉన్నా అక్షరం మాత్రం రాకపోవడం ఇంకో రకం. కార్డ్ రీడరో, ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవో ఆ అక్షరాన్ని ముందే తీసేసుకుంటే ఇలా జరుగుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ‘ఛేంజ్ డ్రైవ్ లెటర్’ కొట్టి వేరే అక్షరం ఇస్తే సరి. డిస్క్ పేరు కింద ‘ఆఫ్‌లైన్’ అని ఉంటే, చాలావరకు అది పాత డిస్క్‌కు అచ్చు కాపీగా తీసిన క్లోన్ అయి ఉంటుంది. రెండింటికీ ఒకే సంతకం ఉండటంతో విండోస్ ఒకదాన్ని పక్కకు నెట్టేస్తుంది. రైట్ క్లిక్ కొట్టి ‘ఆన్‌లైన్’ చేయొచ్చు.

ఫార్మాట్ కొట్టమని అడిగితే

ఇంతవరకు చెప్పింది ఏమీ లేని కొత్త డిస్క్ గురించి. కొత్తగా బిగించిందే అయినా, అందులో పాత డేటా ఉంటే లెక్క మారిపోతుంది.

ఒక ఫొటో స్టూడియోను ఊహించుకోవచ్చు. మూడేళ్ల పెళ్లి వీడియోలు యూఎస్‌బీ డబ్బాలో ఉండే 4 టీబీ డిస్క్‌లో ఉన్నాయి. డబ్బా పక్కన కేబుల్ పెట్టే రంధ్రం లూజైంది. పట్టుకుంటే గానీ పనిచేయట్లేదు. డబ్బా విప్పి, లోపలి డిస్క్ తీసి, నేరుగా మదర్‌బోర్డుకు సాటా కేబుల్‌తో తగిలించారు. విండోస్‌లో కొత్త అక్షరం వచ్చింది గానీ, దానిమీద నొక్కగానే ‘ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని అడిగింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘రా’ అని, అంటే లోపలి పద్ధతి విండోస్‌కు అర్థం కాలేదని, రాసి ఉంది. ఆ క్షణంలో టెన్షన్‌తో ‘ఎస్’ నొక్కితే మూడేళ్ల పెళ్లిళ్లు గోవిందా.

అసలు జరిగింది వేరు. డబ్బాలో ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు డిస్క్‌ను కంప్యూటర్‌కు యథాతథంగా చూపించదు. కొన్ని బోర్డులు 512 బైట్ల గడులను ఎనిమిదేసి కలిపి 4,096 బైట్ల గడులుగా చూపిస్తాయి. పాత కంప్యూటర్లలో ఆ 2 టీబీ హద్దును తప్పించుకోవడానికి కంపెనీలు వేసిన ఎత్తు ఇది. ఇంకొన్ని బోర్డులు డేటాను తాళం వేసి రాస్తాయి. డబ్బా తీసేస్తే ఆ అనువాదకుడు లేనట్టే. అక్కడి మాటలు అక్కడే ఉన్నా విండోస్‌కు అర్థం కావు. డిస్క్‌ను మళ్లీ అదే డబ్బాలో, వీలు కాకపోతే అదే మోడల్ డబ్బాలో పెడితే ఫైళ్లన్నీ తిరిగి కనిపించే అవకాశం బాగా ఉంది. అందుకే ఇలాంటి చోట ‘ఎస్’ కాదు, ‘క్యాన్సిల్’ నొక్కాలి.

సీసీటీవీ డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) నుంచి తీసిన డిస్క్ సంగతీ ఇలాంటిదే. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రికార్డింగ్ రాసుకుంటాయి. దాన్ని విండోస్ ఖాళీ డిస్క్ అనే అనుకుంటుంది. దుకాణంలో దొంగతనం జరిగితే ఫుటేజీ చూద్దామని డిస్క్ తీసి సిస్టమ్‌కు తగిలించి, అది అడిగిందని ఇనీషియలైజ్ చేసేస్తే సాక్ష్యం చేతులారా చెరిపేసుకున్నట్టే. దాన్ని డీవీఆర్‌లోనే చూడాలి, అక్కడి నుంచే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

బయోస్‌లోనే లేదు

ఇప్పుడు పని క్యాబినెట్ లోపల. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకాలి. నడుస్తుండగా కేబుల్ మార్చడం మంచిది కాదు.

3.5 అంగుళాల పెద్ద డిస్క్ అయితే, సిస్టమ్ ఆన్ చేశాక దాని పక్క అంచు మీద వేలు ఆనిస్తే చాలు. లోపల మోటార్ తిరుగుతుంటే సన్నటి అదురు తెలుస్తుంది. అదురు లేకపోతే చాలావరకు కరెంటు అందట్లేదన్నమాట, లేదా డిస్క్ మోటారే పోయి ఉండొచ్చు. అదురు ఉంది, బయోస్‌లో పేరు మాత్రం లేదు అంటే అనుమానం డేటా కేబుల్ మీదకు మళ్లుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు కాబట్టి ఈ చిట్కా దానికి పనికిరాదు.

కరెంటు దగ్గర ఒక పోలిక బాగా పనికొస్తుంది. పెద్ద డిస్క్‌కు రెండు వోల్టేజీలు కావాలి. మోటార్‌కు 12 వోల్టులు, బోర్డుకు 5 వోల్టులు. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి, ల్యాప్‌టాప్ డిస్క్‌కు 5 వోల్టులు ఒక్కటే చాలు. అందుకని ఒకే పవర్ వైరుకు ఎస్‌ఎస్‌డీ పెడితే కనిపించి, పెద్ద డిస్క్ పెడితే కనిపించకపోతే, తప్పు 12 వోల్టుల దారిలో ఉండే అవకాశం ఎక్కువ. మోటార్ తిరగడం మొదలయ్యే కొద్ది క్షణాల్లో పెద్ద డిస్క్ 12 వోల్టుల దారిలో సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అంత అవసరం ఉండదు. పదేళ్ల నాటి ఎస్‌ఎమ్‌పీఎస్‌కు (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) అప్పటికే ఒక డిస్క్, డీవీడీ రైటర్, గ్రాఫిక్స్ కార్డు ఉంటే, ఆ తొలి క్షణాల్లోనే చేతులెత్తేయొచ్చు. మల్టీమీటర్ ఉంటే చూడటం తేలిక. నల్ల వైరుకు, పసుపు వైరుకు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు రావాలి. నల్ల వైరుకు, ఎర్ర వైరుకు మధ్య 4.75 నుంచి 5.25 లోపు. సాయంత్రాలు వోల్టేజ్ పడిపోయే ఊళ్లలో, ఇన్వర్టర్ మీద నడిచే దుకాణాల్లో, పొద్దున కనిపించిన డిస్క్ రాత్రికి మాయమైతే ముందుగా అనుమానించాల్సింది ఎస్‌ఎమ్‌పీఎస్‌నే.

సాటా పవర్ వైరు చాలక, పాతకాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి మార్చే అడాప్టర్ వాడటం ఇక్కడ మామూలే. వైర్ల చుట్టూ ప్లాస్టిక్ కరిగించి పోసిన చౌకరకం అడాప్టర్లలో లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. విప్పడానికి వీలున్న, వైర్లు విడివిడిగా బిగించిన రకమే కొనాలి.

విచిత్రంగా, ఆ మోలెక్స్ అడాప్టర్ పెడితేనే పనిచేసే డిస్కులు కూడా ఉన్నాయి. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో పవర్ ప్లగ్‌లోని మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు. ఆ పిన్నులో 3.3 వోల్టులు ఉన్నంతసేపూ డిస్క్ ఆగిపోయి ఉండాలి. డేటా సెంటర్లలో దూరం నుంచే ఒక్కో డిస్క్‌ను ఆపి మళ్లీ లేపడానికి చేసిన ఏర్పాటు అది. పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. ఫలితంగా కొత్త డిస్క్‌కు కళ్లు తెరిచే అవకాశమే రాదు. సర్వర్ల కోసం చేసిన పెద్ద డిస్కుల్లో, పెద్ద యూఎస్‌బీ డబ్బాల నుంచి తీసినవాటిలో ఇది తగులుతుంది. మోలెక్స్‌లో 3.3 వోల్టుల వైరే లేదు కాబట్టి, ఆ దారిలో పెడితే డిస్క్ లేచి కూర్చుంటుంది.

డేటా కేబుల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్చి చూడాలి, అంతే. క్లిప్ లేని ఎర్ర కేబుళ్లు వదులవుతాయి. గోపాల్‌పూర్, బరంపురం వైపు ఉప్పు గాలికి కనెక్టర్ల మీద చిలుము పడుతుంది. నాలుగుసార్లు పీకి పెడితే ఆ పొర గీసుకుపోయి పని జరగొచ్చు, కొత్త కేబుల్ వేయడం ఇంకా మంచిది. దాంతోపాటు వేరే పోర్టులోనూ పెట్టి చూడాలి. బయోస్‌లో కొన్ని పోర్టులు ‘డిసేబుల్డ్’ అయి ఉంటాయి, గతంలో ఎవరు చేశారో కూడా తెలియదు. 2005 ప్రాంతపు కొన్ని బోర్డులైతే 1.5 గిగాబిట్ల తొలి సాటా వేగంతో తప్ప మాట్లాడలేవు. 6 గిగాబిట్ల డిస్క్ తన వేగం తగ్గించుకోవడానికి సిద్ధంగా ఉన్నా, ఆ బోర్డులకు దాంతో బేరం కుదుర్చుకోవడం రాదు. అంత పాత సిస్టమ్‌కు కొత్త డిస్క్ పెట్టడం కన్నా దానికి సెలవిచ్చేయడమే లాభం.

ఎం.2: సైజు ఒకటే, భాష వేరు

చూయింగ్ గమ్ రేకు లాగా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీలతో వచ్చే గొడవ వేరు. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, స్క్రూ బిగుస్తుంది, అయినా బయోస్‌కు అది ఉన్నట్టే తెలియదు. ఎం.2 అన్నది ఆకారం పేరు. దాని లోపల సాటా భాష మాట్లాడేవి ఉన్నాయి, ఎన్‌వీఎమ్ఈ భాష మాట్లాడేవి ఉన్నాయి. ఎన్‌వీఎమ్ఈ మాత్రమే అర్థమయ్యే స్లాట్‌లో సాటా ఎం.2 పెడితే అది ఎప్పటికీ కనిపించదు. దానికి తిరగేసి చేసినా అంతే. రెండూ తెలిసిన స్లాట్లు కూడా ఉన్నాయి. రేకు చివర రెండు గంట్లు ఉంటే సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎమ్ఈ అని షాపుల్లో చెప్పే గుర్తు చాలాసార్లు నిజమవుతుంది గానీ, రెండు గంట్ల ఎన్‌వీఎమ్ఈలు కూడా ఉన్నాయి. స్లాట్‌కు ఏ భాష వచ్చో మదర్‌బోర్డు మాన్యువల్ చూసుకుని కొనడమే సరైన దారి. తెలియక కొన్నదాన్ని మార్చుకోవడానికి విశాఖ ప్రయాణం తప్పదు, అదీ డబ్బా చింపకుండా ఉంటేనే.

అంతకన్నా తికమక పెట్టేది ఇంకోటుంది. కొత్త ఎం.2 బాగానే కనిపిస్తుంది, అప్పటిదాకా పనిచేసిన పాత హార్డ్ డిస్క్ మాయమవుతుంది. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్‌కు, ఏదో ఒక సాటా పోర్టుకు దారి ఒకటే. ఎం.2 నిండితే ఆ పోర్టు మూతపడుతుంది. పాత డిస్క్ కేబుల్‌ను పక్క పోర్టుకు మారిస్తే తిరిగి వస్తుంది.

మొదట చెప్పిన బయోస్ పరీక్షకు ఎదురు తిరిగే సందర్భం కూడా ఒకటి ఇక్కడే ఉంది. ఎం.2 స్లాట్ లేని పాత బోర్డులో కార్డు ద్వారా ఎన్‌వీఎమ్ఈ పెడితే, బయోస్‌లో పేరు లేకపోయినా విండోస్ 10లో అది డేటా డిస్క్‌గా కనిపించవచ్చు. ఎన్‌వీఎమ్ఈ భాష ఆ పాత బయోస్‌కు రాదు, విండోస్‌కు వచ్చు. అయితే దాని నుంచి విండోస్ బూట్ అవ్వదు, ఎందుకంటే బూట్ చేయాల్సింది బయోసే. విండోస్ 7కు మామూలుగా ఎన్‌వీఎమ్ఈ తెలియదు, ప్యాచ్ వేస్తే తప్ప.

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు డిస్క్ జాబితా ఖాళీగా రావడం మరో తరహా. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ అనే ఏర్పాటు డిస్క్‌కు, విండోస్‌కు మధ్య నిలబడుతుంది. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో దాని డ్రైవర్ లేకపోతే డిస్క్ లేనట్టే చూపిస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ‘లోడ్ డ్రైవర్’ కొట్టడం ఒక దారి. బయోస్‌లో వీఎమ్‌డీని ఆపేయడం రెండోది. కానీ అప్పటికే విండోస్ నడుస్తున్న సిస్టమ్‌లో దాన్ని ఊరికే ఆపేస్తే ఆ విండోస్ లేవకపోవచ్చు.

బయట పెట్టే డిస్కులు

ఇక్కడ సంగతి చిన్నది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలని ప్రమాణం. తిరిగే డిస్క్ లేచే క్షణంలో అంతకన్నా ఎక్కువ కోరవచ్చు. క్యాబినెట్ ముందు పోర్టుల నుంచి మదర్‌బోర్డు దాకా సన్నటి వైరు ఉంటుంది, అక్కడే కొంత వోల్టేజ్ పోతుంది. అందుకని వెనక పోర్టులో పెట్టి చూడాలి. సొంత కరెంటు లేని హబ్ ద్వారా పెట్టకూడదు.

కొత్తదని ఇచ్చింది నిజంగా కొత్తదేనా?

అంతా బాగుండి కనిపించిన డిస్క్‌కు ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ లోపలి డైరీ చదివి చెబుతుంది. అందులో ‘పవర్ ఆన్ అవర్స్’ అంటే అది ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో. ఏడాదికి 8,760 గంటలు. సీల్ తీసిన కొత్త డిస్క్‌లో అది సున్నాకో, ఒకటి రెండుకో దగ్గరగా ఉండాలి. 17,000 చూపిస్తే, రాత్రీపగలూ రెండేళ్లపాటు ఎక్కడో పనిచేసి వచ్చిందన్నమాట. బహుశా ఏ డీవీఆర్‌లోనో, సర్వర్‌లోనో. 2025 మొదట్లో యూరప్‌లో వాడేసిన సర్వర్ డిస్కులను డైరీ సున్నా చేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటపడింది. కాబట్టి సున్నా ఉందన్నంత మాత్రాన పూర్తి భరోసా లేదు. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి, వారంటీ ఎప్పటిదాకా ఉందో చూస్తే అనుమానం ఇంకాస్త తీరుతుంది.

నమ్మలేనంత తక్కువ ధరకు 16 టీబీ, 30 టీబీ అని అమ్మే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీల గురించి వేరే పరీక్ష అక్కర్లేదు. లోపల మామూలు పెన్‌డ్రైవ్ చిప్ పెట్టి, సైజు అబద్ధం చెప్పేలా మార్చేస్తారు. మొదట కొంత డేటా ఎక్కుతుంది, తర్వాత ఎక్కించింది ముందుదాన్ని చెరిపేస్తుంది. అవి కనిపించకపోతేనే నయం.

తిరిగి పంపాల్సిందే అయితే

టిక్, టిక్ అని లయగా కొట్టుకుని నాలుగైదుసార్ల తర్వాత మౌనమైపోయే డిస్క్‌కు మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. లోపలి చదివే తల తన దారి వెతుక్కోలేక గోడకు తగులుతున్న చప్పుడు అది. కొత్త డిస్క్ అయితే వెనక్కి పంపాలి. పాత డేటా ఉన్నదైతే ఇక ఆన్ చేయకూడదు. ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం మీద ఇంకో గీత పడే ప్రమాదం ఉంది.

పంపేటప్పుడు బిల్లు కాపీ, సీరియల్ నంబరు కనిపించేలా తీసిన ఫొటో దగ్గర ఉంచుకోవాలి. డిస్క్‌ను యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టి, నాలుగువైపులా మెత్తగా చుట్టాలి. రైల్లోనో బస్సు పార్సిల్‌లోనో పడే కుదుపులకు, ఇంటి నుంచి బాగానే బయల్దేరిన డిస్క్ కూడా విశాఖ చేరేలోపు పోవచ్చు. డబ్బాలో ఒక చీటీ వేస్తే షాపువాళ్లకూ పని తేలిక. ఏ సిస్టమ్‌లో పెట్టారు, బయోస్‌లో పేరు వచ్చిందా, మోటార్ తిరిగిందా, వేరే కేబుల్‌తో ఇంకో సిస్టమ్‌లో చూశారా. ఈ నాలుగింటికి జవాబు అందులో ఉంటే, వాళ్లు దాన్ని తమ దగ్గరున్న ఏదో ఒక పోర్టులో పెట్టి ‘‘బాగానే ఉంది’’ అని అదే బస్సుకు తిప్పి పంపే అవకాశం తగ్గుతుంది.